ఉత్తుత్తి నదికి అడ్రసు

జువాంగ్ యుషాన్ లా కాలేజీలో చేరిన దగ్గర్నుంచీ మూట్ కోర్టు అనే ఉత్తుత్తి కోర్టు పోటీలకు వెళుతూనే ఉంది. వాదించడానికి కాదు, "సమయం అయిపోవస్తోంది" అని రాసిన అట్టముక్క ఎత్తి చూపడానికి. నోరు విప్పే వంతు ఆఖరి ఏడాదిలో వచ్చింది. ఇప్పుడు తడబడితే ఆమె చదువు అట్టముక్కతోనే ముగుస్తుంది.

కేసు ఉత్తుత్తిదే. లేని దేశంలో లేని నది, అందులోకి రంగునీళ్లు వదిలే లేని ఫ్యాక్టరీ. తైవాన్‌లో, తైనాన్ ఊళ్లోని తమ సందులో, కాంగ్ పిన్ని చేపుండల సూపు బండి ముందు నిలబడి యుషాన్ నెలల తరబడి నది తరఫున వాదన సాధన చేసింది. వినీ వినీ సందు సందంతా ఆ చేపల మీద బెంగ పెట్టుకుంది.

పోటీకి ముందు చీట్లు తీస్తే ఆమెకు ఫ్యాక్టరీ పక్షం పడింది. మర్నాడు బండి దగ్గర కొత్త వాదన ఎత్తుకోగానే కాంగ్ పిన్ని ఉత్త నీళ్ల సూపు తెచ్చి పెట్టింది.

"ఉండలేవి పిన్నీ?"

"చేపల్ని చంపేవాళ్లకి చేపుండలెందుకమ్మా?"

"చీటీలో పడింది. నేనేమైనా కోరుకున్నానా?"

"చీటీలో పడితే మీ అమ్మ మీదైనా వాదిస్తావా?"

"వాదించాలి పిన్నీ."

"నీ ఖర్మ. ఆ నది అడ్రసు చెప్పు, నేలదేవుడి గుడిలో మొక్కుకుంటాను. అడ్రసు చెప్పకపోతే ఆయన మాత్రం ఎక్కడికని వెళతాడు?"

"అసలు ఆ నదే లేదు పిన్నీ."

"లేదా? అప్పుడే ఎండగట్టేశారా?"

చేసేది లేక యుషాన్ కాలేజీ అడ్రసు చెప్పింది. గుడిలో పిన్ని దేవుడి జవాబు కోసం చంద్రవంక చెక్కలు విసిరింది. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడ్డాయి. దేవుడు సరేనన్నట్టే.

పోటీ రోజున సందువాళ్లంతా ముందు వరసలో కూర్చున్నారు. తెల్లగడ్డం జడ్జి అడిగాడు: "ఫ్యాక్టరీ మూస్తే ఎవరికమ్మా నష్టం?"

యుషాన్ ముందు వరస వైపు చూసింది. గుడ్లురిమి చూస్తున్న పిన్ని కనబడింది. రోజూ ఆ పిన్ని వేసే ప్రశ్నల ముందు ఇదెంత అనిపించింది.

"పనివాళ్లు పొద్దున్నే సూపు తాగి పనికి వెళతారు పిన్నీ. ఫ్యాక్టరీ మూస్తే ముందు మూతపడేది సూపు బండే. మూయించకండి, నీళ్లు శుద్ధి చేసుకోవడానికి గడువివ్వండి."

పిన్నీ అనిపించుకున్న జడ్జి కళ్లజోడు సర్దుకున్నాడు గానీ తీర్పు ఫ్యాక్టరీకే ఇచ్చాడు. ఉత్తమ వక్త బహుమతి యుషాన్‌కు వచ్చింది.

ఆ సాయంత్రం బహుమతితో బండి దగ్గరికి వస్తే మళ్లీ నీళ్ల సూపే.

"నది ఓడింది. నేను దేవుడికి ఏం మొహం చూపించను? నది తరఫున అప్పీలు వెయ్యి."

"ఎక్కడ వెయ్యను పిన్నీ?"

"ఇక్కడే." పిన్ని గరిటెతో బండి మీద కొట్టింది. కోర్టు మొదలైంది.

ఎదుటి పక్షం లేనిదే తీర్పు చెల్లదంది యుషాన్. పిన్ని తన మొగుణ్ణి లాక్కొచ్చి ఫ్యాక్టరీ తరఫున కూర్చోబెట్టింది. అతను నోరు తెరిచే లోపే నది గెలిచింది. యుషాన్ గిన్నె నిండా చేపుండలు పడ్డాయి.

మొగుడి ముందుకు నీళ్ల సూపు వచ్చింది.

"నాకు చీటీ కూడా తియ్యలేదు గదే," అని అతను గొణిగాడు.