ఫోన్ గడి ఖాళీగా వచ్చిన ఫారం

వ్యాన్లో ఒక సీటు కావాలని సుగుణక్క నన్ను అడిగింది. ఈ మాట ఇంతవరకు నేను ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకీ తెలియదు, బావకీ తెలియదు. ఆ రోజు డైరీలో కూడా "అక్క ఫోన్ చేసింది" అని మాత్రమే రాసుకున్నాను.

దెయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. మా వీధిలో ఎవరికో ఏదో కనబడిందని చెప్పుకుంటుంటే, చేతిలో పుస్తకం మూయకుండానే వినేదాన్ని. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తాను.

2006 వేసవి. నాకు ఇరవై రెండేళ్ళు. కాశీబుగ్గలో కంప్యూటర్ కోర్సు పూర్తి చేసి, మాకు బడిలో లెక్కలు చెప్పిన మాస్టారి దగ్గర పనికి కుదిరాను. రిటైరయ్యాక ఆయన ఉద్దానం కిడ్నీ రోగుల కోసం ఒక వ్యాను మాట్లాడారు. ప్రతి మంగళవారం పన్నెండు మందిని విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్ళి, తిరిగి తీసుకొచ్చేది. అప్పటిదాకా పేర్లు కాగితం మీద రాసుకునేవారు. జనం ఎక్కువయ్యాక, సిఫారసులు పడలేక, వెబ్‌సైట్ పెడదామన్నారు. కవిటి, సోంపేట నెట్ సెంటర్లలో ఎవరైనా రోగి వివరాలు ఫారంలో నింపి పంపితే అవి మాకు మెయిల్లో వస్తాయి. ముందు వచ్చిన పేరుకి ముందు సీటు. ఆ ఫారం తయారు చేసే పని నాది.

నాలుగు గడులు పెట్టాను. పేరు, ఊరు, ఫోన్ నెంబరు, చెప్పదలచుకున్నది. ఏ ఒక్కటి ఖాళీగా వదిలినా ఫారం వెళ్ళదు. ఎర్ర అక్షరాలతో వెనక్కి వస్తుంది. నేను నేర్చుకున్న పాఠంలో అలాగే ఉంది.

సుగుణక్క మా పెదనాన్న కూతురు. కవిటి దగ్గర పల్లెలో ఇచ్చారు. పెళ్ళి కాకముందు ఇంట్లో జీడిపిక్కలు ఒలుస్తూ, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కథల పుస్తకాలు పైకి చదివించుకునేది. నాకు చదువు పిచ్చి అలా అంటింది. రెండేళ్ళుగా ఆమెకీ కిడ్నీ జబ్బే. చుట్టూ కొబ్బరితోటలు, బొండాం నీళ్ళు మాత్రం డాక్టరు వద్దన్నాడు. కాళ్ళు వాచి రైల్లో నిలబడలేకపోయేది.

ఒక సోమవారం, తన ఊళ్ళో కొబ్బరికాయల వ్యాపారి ఇంటి నుంచి మాస్టారింటికి నాకోసం ఫోన్ చేసింది.

"రేపటి వ్యానుకి నా పేరు రాయించగలవేటే సెల్లీ?"

మాస్టారు పక్క గదిలోనే ఉన్నారు. లేచి వెళ్ళి అడిగితే రాసేవారు. కానీ సిఫారసు వద్దని రోజూ అందరికీ చెప్పే మనిషి. మా అక్క కోసం అని ఎలా అడగను? నలుగురిలో గట్టిగా మాట్లాడటమే నాకు చేతకాదు. "వచ్చే సోమవారం ఫారం తెరుస్తామక్కా, మొదటి పేరు నీదే పెడతాను" అన్నాను.

మర్నాడు ఒకాయన రాలేదు. వ్యాను పదకొండు మందితో వెళ్ళింది.

శుక్రవారం మాస్టారి వరండాలో నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. ఫారం ఎలా ఉంటుందో చదివి వినిపించాను. అప్పన్న తాత అనే రైతు అడ్డుపడ్డాడు.

"ఫోను లేనోడికి జబ్బు రాదేటమ్మా?"

అప్పటికి మా పల్లెల్లో చాలా ఇళ్ళకి ఫోన్ లేదు. పక్కింటివాళ్ళ నెంబరిచ్చి, దాని పక్కన పీపీ అని రాసేవారు. మాస్టారు అదే అడిగారు. "పీపీ నెంబరైనా లేదా అప్పన్నా?"

"ఉన్నాది మాస్టారూ. ఆల్లతో గట్టు తగువొచ్చింది. ఇప్పుడు నాకు ఫోనొత్తే, నాను సచ్చిపోనానని సెప్పీసి పెట్టేత్తన్నారు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఫోన్ గడి ఖాళీగా ఉన్నా ఫారం వెళ్ళేలా మార్చమని మాస్టారు చెప్పారు. సరేనన్నాను. ఆ రోజు మార్చలేదు.

శనివారం పొద్దున, ఫారాలు వచ్చి పడాల్సిన మెయిల్ పెట్టె సరిగ్గా తెరుచుకుంటుందో లేదో చూద్దామని తెరిచాను. దాని పాస్‌వర్డ్ నాకూ మాస్టారికీ మాత్రమే తెలుసు. ఫారం ఉన్న పేజీ ఇంకా నా కంప్యూటర్లోనే ఉంది. నెట్‌లో పెట్టలేదు. పెట్టెలో ఏమీ ఉండకూడదు.

ఒక మెయిల్ ఉంది. వచ్చిన సమయం ఆ పొద్దునే పది నలభై. నా ఫారం వరసే. పేరు దగ్గర సుగుణ అని ఉంది. ఊరు దగ్గర వాళ్ళ ఊరు. ఫోన్ నెంబరు దగ్గర ఏమీ లేదు. చివరి గడిలో తెలుగుమాటలు ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి.

"నాకు సీటొద్దు సెల్లీ. ఇంకెవులికైనా ఇచ్చీ."

అక్క పదో తరగతి చదివింది. కంప్యూటర్ని ఎప్పుడూ ముట్టుకోలేదు. వెంటనే నా ఫారంలో ఫోన్ గడి వదిలేసి నొక్కి చూశాను. ఎర్ర అక్షరాలు వచ్చాయి. మళ్ళీ చూశాను. మళ్ళీ అవే. కొబ్బరి వ్యాపారి ఇంటికి ఫోన్ చెయ్యాలనుకున్నాను. చెయ్యి రాలేదు.

మధ్యాహ్నం బావే మాస్టారింటికి ఫోన్ చేశాడు. అక్క పోయింది.

"పొద్దున బాగానే మాటాడిందమ్మా. ఎండెక్కాక, పదో పదకొండో. నాను గడియారం సూసుకోనేదు."

దినాలయ్యాక మెయిల్ మాస్టారికి చూపించాను. ఆయన తనకు తెలిసిన ఇంజినీరుకి చూపించారు. పేజీ నెట్‌లో లేనప్పుడు అలా రావడానికి దారి లేదనీ, ఎవరో చేత్తో టైపు చేసి పంపారనీ అతను అన్నాడు. మాస్టారు నా వైపు జాలిగా చూశారు. బాధలో నేనే రాసుకున్నానని ఆయన అనుకున్నారు. కాదని చెప్పాలంటే సీటు సంగతి చెప్పాలి. తల దించుకున్నాను.

అంతకుముందే, అక్క పోయిన తర్వాతి మంగళవారం, ఆమె ఎక్కాల్సిన సీట్లో కంచిలి వైపు నుంచి వచ్చిన ఒకావిడ కూర్చుని వెళ్ళింది. ఆమె పేరు రాసింది నేనే. ఫోన్ నెంబరు అడగలేదు.

ఆ మెయిల్ ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. కోపంతో వచ్చిందా, ప్రేమతో వచ్చిందా అన్నది కూడా తెలియదు. ఎన్నిసార్లు చదివినా ఆ రెండు వాక్యాల్లో అక్క గొంతు ఎలా ఉందో పట్టుకోలేకపోయాను.

నా చెవిలో ఉన్న గొంతు సోమవారంనాటిది. వచ్చే వారం దాకా ఆగమన్నాను. ఫోన్ పెట్టేసే ముందు అక్క ఇలా అంది.

"పర్లేదులేయే, వారమంటే ఎంతలో వొస్తాది. నువ్వొకసారి రా. తినీసి రాకు, ఇక్కడే తిందువుగాని."