అత్త రాట్నానికి మూడు వందల ఏళ్ళు

బెల్జియం పోవలసిన మా అత్త రాట్నం, బయల్దేరిన పదకొండో రోజున మళ్ళీ సూరత్ ఖటోదరాలోని ఆమె గది ముందుకే వచ్చి దిగింది. పెట్టె మీద ఎర్ర కాగితం అంటించి ఉంది. పురాతన వస్తువుగా అనుమానం, దేశం దాటించడానికి వీల్లేదు అని దాని సారాంశం. అత్తకు చదువు రాదు గానీ ఎర్ర రంగు అర్థమవుతుంది. "ఏందట అల్లుడా?" అంది. "నీ రాట్నం మరీ పాతదట అత్తా, పోనివ్వరట" అన్నాను. "పాతదని ఆళ్ళకెవ్వరు జెప్పిన్రు?" అంది. కొరియర్ అతను పెట్టె మూత తీసి, అన్నిటికంటే పైన పెట్టి ఉన్న ఒక ప్లాస్టిక్ అట్టను తీసి ఆమె చేతిలో పెట్టాడు. లామినేషన్ చేయించిన పేపరు కటింగు. నాలుగు కాలమ్‌ల వార్త. పక్కన రాట్నం ఫొటో, కింద నా పేరు.

ఆ రోజుల్లో నేను దేని వయసునైనా పెంచగలిగేవాణ్ణి. ఇరవై మూడేళ్ళవాణ్ణి, ఒక తెలుగు దినపత్రికకు సూరత్ నుంచి వార్తలు పంపే విలేకరిని. (జీతం లేదు, గుర్తింపు కార్డు ఉంది. స్నానానికి తప్ప దాన్ని మెడలోంచి తీసేవాణ్ణి కాదు.) అక్కడికి వలసపోయి మగ్గాల మీద బతికే మనవాళ్ళలో పేపరుకెక్కే సంగతులు రోజూ ఎక్కడ జరుగుతాయి? మా వాళ్ళు పొద్దున పనికి పోయి, రాత్రికి వచ్చి, తిని పడుకునేవాళ్ళు. అది వార్త కాదు. కాబట్టి నా వార్తల్లో అరవై దాటిన ప్రతి మనిషీ కురువృద్ధుడు, పెచ్చులూడిన ప్రతి గోడా చారిత్రకం. వయసు అనేది పెట్టుబడి లేకుండా పెరిగే సరుకని అప్పటికే కనిపెట్టాను.

అత్త రాట్నం సంగతి చెప్పాలి. మా మేనమామ పల్సానాలో ఒక మగ్గాల కార్ఖానాలో పని. అక్కడ పారేసే దారపు ముక్కలను ఆయన మూటకట్టి తెస్తే, అత్త వాటిని ముడివేసి, రాట్నం మీద కండెలు చుట్టి, నవారు నేసేవాళ్ళకు ఇచ్చేది. కరెంటు మగ్గాల మోతతో వీధి వీధంతా అదిరిపోయే ఆ చోట, చేత్తో రాట్నం తిప్పే మనిషి ఆమె ఒక్కతే. మిల్లులు చూడడానికి వచ్చిన ఒక బెల్జియం దొరసాని దారి తప్పి ఆ వీధిలోకి వచ్చింది. గంటసేపు అత్త ముందు గొంతుకూర్చుంది, నాలుగు నెలల తర్వాత ఉత్తరం పంపింది. వాళ్ళ ఊళ్ళో చేతిపనుల ప్రదర్శన ఉంది, పది రోజులు మీరు వచ్చి రాట్నం తిప్పి చూపించాలి, విమానం టికెట్టు మాది. షరతు ఒక్కటే. రాట్నం మీ సొంతది కావాలి, ముందుగా చేరాలి. రాట్నం రాకపోతే పిలుపూ లేదు.

పెళ్ళయ్యాక అత్త చేసిన ప్రయాణాలన్నీ మా ఊరికీ సూరత్‌కూ మధ్యనే. అవీ జనరల్ డబ్బాలో, బాత్రూం పక్కన. అలాంటి మనిషి పాస్‌పోర్టు చేయించుకుంది. చలికని ఊలు స్వెట్టర్ కొని, ఎండాకాలం మధ్యాహ్నం తొడుక్కుని చూసుకుని చెమటలు పట్టి నవ్వింది. వీధిలో ఎవరు పలకరించినా "ఇంకో నెల ఉన్నది" అని, అడగకపోయినా చెప్పేది.

ఆ సంబరంలోనే నేను వార్త రాశాను. రాట్నం ఎవరిదని అడిగితే అత్త, "మా అవ్వ తిప్పేది" అంది. పక్కనున్న మామ, "అవ్వ ఏంది, నూరేండ్లది!" అన్నాడు. (మామకు తన సొంత వస్తువులన్నీ నూరేళ్ళవే, గొడుగుతో సహా.) నేను రాసేటప్పుడు నూరు మరీ బోసిగా అనిపించి 'సుమారు రెండు వందల ఏళ్ళ నాటి' అన్నాను. డెస్క్‌లో ఇన్‌చార్జి గారు శీర్షికకు నాలుగు కాలమ్‌లు నిండాలని 'మూడు శతాబ్దాల రాట్నం, విదేశానికి పయనం' చేశారు. ఒక్కో మనిషి చేయి తగిలి ఒక్కో వంద. మామ ఆ కటింగును లామినేషన్ చేయించి, దొరలు చూసి గౌరవిస్తారని పార్సిల్‌లో అన్నిటికంటే పైన పెట్టించాడు. తెలుగు రానివాళ్ళ సంగతేమిటని ఆయనే అడిగితే, ఇంగ్లీషులో సారాంశం టైపు చేయించి వెనకవైపు అంటించింది కూడా నేనే. అందులో 'మూడు వందల ఏళ్ళు, అంతకు పైబడి' అని రాశాను. ఇంగ్లీషులో కాస్త ఎక్కువ చెబితే తప్పులేదని నా ఉద్దేశం.

నూరేళ్ళు దాటిన వస్తువు ఈ దేశం దాటకూడదని చట్టం ఉన్నట్టు మాకెవరికీ తెలియదు. సూరత్ నుంచి బెల్జియంకు వజ్రాలు రోజూ పోతుంటాయి. అత్త కట్టె రాట్నం మాత్రం ఆగిపోయింది. మళ్ళీ పంపాలంటే అది పాతది కాదని ఒక సర్టిఫికెట్ కావాలి. దాన్నిచ్చే ఆఫీసుకు రైల్లో మూడు గంటల ప్రయాణం. రాట్నాన్ని దుప్పట్లో చుట్టి మామా నేనూ మోసుకుపోయాం. అధికారి నెమ్మదస్తుడు. సంతకం పెట్టబోయేముందు పెన్ను మూత తీసి, ఆలోచించి, మళ్ళీ టక్కున పెట్టే అలవాటు. అందుకని ఆయనకు నేను పెన్నుమూత సారు అని పేరు పెట్టుకున్నాను. ఆయన కటింగును అటూ ఇటూ తిప్పి చదివి, "పేపర్లో వచ్చింది కదా" అన్నాడు హిందీలో.

"పేపర్లో ఏదో రాస్తారు సార్" అన్నాను.

"రాసింది ఎవరు?"

మెడలో కార్డు వేలాడుతోంది. "నేనే సార్."

"మరి మీరు అబద్ధం రాస్తారా?"

నేను రాసినదాన్ని అక్షరం పొల్లుపోకుండా నమ్మిన మొదటి పాఠకుడు ఆయన. అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ అలాంటివాడు నాకు తారసపడలేదు. ఆ ఒక్కడి నమ్మకాన్నీ పోగొట్టడానికి రెండు వారాలు తిరిగాను.

డెస్క్‌కు ఫోన్ చేసి, రాట్నం వయసు తగ్గిస్తూ సవరణ వేయమన్నాను. "మూడు శతాబ్దాలు తగ్గిస్తే పేపరు పరువేం కావాలయ్యా? ఒక వంద తగ్గిస్తాను, సర్దుకో" అన్నారు ఇన్‌చార్జి గారు. కాళ్ళావేళ్ళా పడితే, సంతాప ప్రకటనల కింద రెండు లైన్లు వేశారు. దాన్ని తీసుకుపోయి చూపిస్తే పెన్నుమూత సారు భూతద్దం తెప్పించుకుని చూసి, "వార్త నాలుగు కాలమ్‌లు, సవరణ అగ్గిపెట్టె అంత. దేన్ని నమ్మమంటారు?" అన్నాడు. ఆయన ప్రశ్నలో న్యాయం ఉంది.

ఓడిపోయి వచ్చి కూర్చున్న మమ్మల్ని చూసి అత్త ఇక ఊరుకోలేకపోయింది. "మీ ఇద్దరిని జూస్తె గోసనిపిస్తున్నది. అరే, దాని చక్రం మన గల్లీ మిస్త్రీ జేసిండు, మరిచిన్రా? పీట మగ్గాల డబ్బా కట్టెతోని జేసిండు. కదురు సైకిల్ పుల్ల. అవ్వ తిప్పిన అసలు రాట్నం ఊర్లనే చెదలు వట్టె గద! పాతదేమన్న ఉన్నదంటె గా పిడొక్కటే. మా అవ్వది, అవ్వకు ఆళ్ళ అవ్వ ఇచ్చింది. గది నేనే సంచిల ఏసుకొచ్చిన." రాట్నం చక్రాన్ని పట్టి తిప్పే ఆ కట్టె పిడి జానెడు ఉండదు. ఎన్ని అరచేతులు రాసుకున్నాయో, నడుమ సన్నబడి, గాజులా మెరుస్తుండేది. "గా పిడి ముచ్చట మాత్రం అక్కడ ఎత్తకుండ్రి" అంది మామ వైపు తిరిగి. మామ నెత్తి మీద చేయి పెట్టుకుని ఒట్టేశాడు. "నేనెందుకు ఎత్తుతనే? నాకేం పిచ్చా?"

గల్లీ మిస్త్రీ, గుజరాతీ వడ్రంగి ముసలాయన. చేసిన పని గురించి ఎవరైనా అడగాలని ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న మనిషి. పిలవగానే ఇస్త్రీ చొక్కా వేసుకుని మాతో రైలెక్కాడు. వెంట అత్త కూడా వచ్చింది. ఆఫీసులో మిస్త్రీ రాట్నాన్ని బల్ల మీద తలకిందులు చేసి, పీట అడుగున ఉన్న మసక గుర్తు చూపించాడు. వానలో తడపవద్దని యంత్రాల డబ్బాల మీద వేసే గొడుగు బొమ్మ. "చూడండి సాబ్, మూడు వందల ఏళ్ళ కిందట ఈ బొమ్మ ఉందా? నా చేతి పని ఇది. చక్రం నాది, పీట నాది, ఈ మేకులు కూడా నేనే కొట్టాను" అన్నాడు హిందీలో, ఛాతీ విరిచి. పెన్నుమూత సారు గొడుగు బొమ్మను చాలాసేపు చూశాడు. నవ్వాడు కూడా. "సరే, అంతా కొత్తదే. పాత డబ్బా కట్టెతో చేసిన మామూలు సామాను" అని పెన్ను మూత తీశాడు. పాళీ కాగితాన్ని తాకింది.

నేను అత్త వైపు చూశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆ పాళీనే చూస్తోంది. అదే నిమిషంలో నా పక్కన కుర్చీ కిర్రుమంది.

"అరే సాబ్, ఏంది గట్లంటరు?" మామ లేచి నిలబడ్డాడు. (ఆయన హిందీలో సగం తెలుగే.) "మామూలు సామాను క్యా? సబ్ నయా నహీ హై! గీ పిడి దేఖో! మా ఆమె తాతమ్మల కాలంది. సౌ సాల్ కాదు, డేఢ్ సౌ!" బల్ల కింద నేను ఆయన కాలు తొక్కాను. ఆ నూటయాభై మీద ఇంకో యాభై ఏళ్ళు పెంచాడు.

టక్కున పెన్ను మూత పడింది.

ఆ తర్వాత మేమెంత బతిమాలినా, పిడి ఒక్కటీ విడదీసి, కాగితపు చీటీ కట్టి, కమిటీ పరిశీలన కోసం ఇనప బీరువాలో పెట్టారు. 'పిడి లేని రాట్నం ఒకటి, పురాతనం కాదు' అని మిగిలినదానికి సర్టిఫికెట్ ఇచ్చారు. తిరుగు రైల్లో అత్త కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. మామ వైపు తిరగకుండానే, "డబ్బా కట్టె అంటె ఏమైతుండె? గంత రోషమెందుకొచ్చె నీకు?" అంది. మామ తల వంచుకుని, "మామూలు సామాను అన్నడే..." అని మాత్రం అన్నాడు. మిస్త్రీ ఆ రాత్రే తుమ్మ కట్టెతో కొత్త పిడి చేసిచ్చాడు.

అత్త బెల్జియం పోయింది. పది రోజులు తిప్పింది. కొత్త పిడి చేతికి అలవాటు కాక మూడో రోజుకే అరచెయ్యి బొబ్బలెక్కిందని, అయినా ఆపలేదని వచ్చాక చెప్పింది. చూసేవాళ్ళు రాట్నం ఎన్నేళ్ళదని అడిగితే, దుబాసీ అమ్మాయి చేత "పన్నెండేండ్లది" అని నిజమే చెప్పించిందట. ఎవరూ నమ్మలేదట. ఎందుకంటే పక్కన ఫలకం మీద 'మూడు వందల ఏళ్ళు, అంతకు పైబడి' అని రాసి ఉంది. నా కటింగుకు, వెనకున్న ఇంగ్లీషుతో సహా, మామ ఇంకో జిరాక్సు తీయించి, స్వెట్టర్ జేబులో పెట్టి పంపాడు.

ఇప్పుడు నేను డెస్క్ మీద ఉన్నాను. కొత్త విలేకరులు పంపే వార్తల్లో 'వందల ఏళ్ళ నాటి' అని కనబడితే చాలు, నాకు తెలియకుండానే పెన్ను ఆగిపోతుంది. ఫోన్ చేసి, "ఎవరు చెప్పారయ్యా?" అంటాను. అవతల ఇరవై మూడేళ్ళ గొంతు ఒక్క క్షణం తడబడుతుంది. ఆ తడబాటు నాకు బాగా తెలుసు. కోప్పడదామనుకుంటాను, నవ్వు వస్తుంది.

ఖటోదరాలో అత్త ఇంకా రాట్నం తిప్పుతూనే ఉంది, తుమ్మ పిడితోనే. నేను పోయినప్పుడల్లా, "మా అవ్వ పిడి ఎప్పుడిస్తరట అల్లుడా?" అంటుంది. మామ అప్పుడు చెప్పులేసుకుని టీకి బయల్దేరుతాడు. పోయిన నెల ఆ ఆఫీసుకు వెళ్ళి వచ్చాను. పెన్నుమూత సారు రిటైరై చాలా కాలమైంది. కొత్తాయన బీరువా తీసి చూపించాడు. పిడి ఉంది, చీటీ పచ్చబడింది. కమిటీ ఇంకా కూర్చోలేదట. అప్పటికి పిడికి నూరేళ్ళు నిండి ఉన్నాయో లేదో గానీ, ఆ బీరువాలో ఉండగానే నిండేలా ఉన్నాయి. చీటీ మీద 'వయసు' అన్న చోట ఈ రోజుకీ ఖాళీగానే ఉంది.