నా పేరు మీద అక్క పరీక్ష

అక్షరాలు నేర్చుకునేసరికి నాకు యాభై ఏళ్లు దాటాయి. నేర్చుకున్నాక కూడా ఈ సంగతి రాయలేదు. మా ఆయన అప్పటికింకా మేడ్చల్ మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. బయటపడితే ఆయన నౌకరీకే ఎసరు. ఇప్పుడు ఆ నౌకరీ అయిపోయింది. అక్క కూడా లేదు.

అక్క అంటే మా తోడికోడలు, బావ భార్య. శామీర్‌పేటలో ఒకే వాకిట్లో ఉండేవాళ్లం. బావ లారీలకు ఇసుక ఎత్తేవాడు, ఆయనకు ఏ బీమా లేదు. మా ఆయనకు కంపెనీ బీమా కార్డు ఉండేది. ఒక ఏడు, కార్డున్నవాళ్ల భార్యలకు రొమ్ము క్యాన్సర్ పరీక్ష ఉచితమని, అందరూ రావాల్సిందేనని ఫ్యాక్టరీలో చెప్పారు. చూసేది మగ డాక్టరని విని నేను పోనన్నాను.

అక్క నవ్వింది. "నీ సిగ్గు సల్లగుండ. ముగ్గురు పిల్లలు తాగి వదిలేసినంక నాకేం సిగ్గు? నీ పేరు జెప్పి నేనే పోయొస్త."

అప్పటి కార్డు మీద ఫొటో లేదు. ఇచ్చి పంపాను.

నెల తిరక్కుండా ఇంగ్లీషులో కాగితం వచ్చింది. నేను పనిచేసే కాలనీ ఇంటి అమ్మగారి చేత చదివించుకున్నాను. కుడి రొమ్ములో గడ్డ ఉందని, ముక్క తీసి చూడాలని, ఖర్చు బీమాదేనని ఆవిడ మెల్లగా చెప్పింది. నా చేయి పైట కిందికి పోయింది. అప్పుడు గుర్తొచ్చింది, చూపించుకున్నది నేను కాదని. ప్రాణం లేచొచ్చింది. ఆ క్షణం తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

అక్కకు చెబితే ఉలిక్కిపడలేదు. బియ్యం చెరుగుతున్న చేట పక్కన పెట్టింది.

"ఎరికనే చెల్లె. గడ్డ దొరికి ఏడాదాయె. నీ కార్డు మీదన్న చూస్తరని పోయిన."

నేనేమో నా కోసం పోయిందనుకున్నాను.

ఆ సాయంత్రం మా ఆయనకు అంతా చెప్పాను. నిజం చెబితే అక్కకు వైద్యం ఉండదు, తనకు నౌకరీ ఉండదు.

"రేపు వదినెకేమన్న అయితే, కాగితంల సచ్చింది నువ్వయితవు" అన్నాడు ఆయన.

కానీయమన్నాను.

మర్నాడు పొద్దున నా వయసు, పిల్లల పేర్లు అక్క చేత రెండుసార్లు చెప్పించాను. మరిది పేరును మొగుడి పేరుగా చెప్పడానికి మాత్రం ఆమెకు నోరు రాలేదు. తల దించుకుని, వినీ వినపడకుండా అంది. షేర్ ఆటోలో ఆసుపత్రికి పోయి బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాం. నర్సు నా పేరు పిలిచింది. అలవాటు కొద్దీ లేవబోయి, మళ్లీ కూర్చున్నాను. అక్క లేచి లోపలికి పోయింది.