దేవుని కాగు

షుగరు ఎక్కువైందని మిర్యాలగూడ డాక్టరు అన్నం మానిపించి జొన్నలు తినమని చీటీ మీద రాసిచ్చినప్పుడు నాకు నవ్వాగలేదు. ఊరి చుట్టూ ఇన్ని రైసు మిల్లులుండగా, మలుపు మలుపుకూ ఊక వాసన కొడుతుండగా, నేను మాత్రం జొన్నరవ్వ ఉడికించిన గటక తినాలట. చిన్నప్పుడు గతిలేక తిన్నది ముసలితనంలో మందైంది. నా కూతురు బజారు నుంచి తెల్లజొన్నల సంచి తెచ్చింది. గిన్నెలోకి కొలిచి పోసుకున్నాక నా చెయ్యి నన్నడగకుండానే అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కన పెట్టింది. అదెవరికమ్మా అని కూతురు అడిగింది. దేవునికి అన్నాను గానీ, ఆ మాట వెనక ఉన్న సంగతి ఆమెకే కాదు, ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

నా ఈడువాళ్లకు, అందులోనూ క్రైస్తవుల ఇళ్లలో పుట్టినవాళ్లకు, పిడికెడు గింజల ముచ్చట కొత్త కాదు. పూటపూటకూ వంటకు తీసిన గింజల్లోంచి ఇల్లాలు ఒక పిడికెడు తీసి చిన్న మట్టి గురిగిలో వేసేది, ఆదివారం ఆ గురిగిని కొంగు చాటున తెచ్చి గుడిలో కుమ్మరించేది. మా నాయన సూర్యాపేట నుంచి కోదాడకు పోయే బాటకు లోపలగా ఉన్న ఒక చిన్న ఊళ్లో ఉపదేశి, పిల్లలకు చదువూ పెద్దలకు వాక్యమూ చెప్పేవాడు. బడీ గుడీ ఒకే గది, దాని వెనక గది మా ఇల్లు. ముందు గది మూలన ఒక పెద్ద మట్టి కాగు ఉండేది, అందరి గింజలూ అందులోకే. కోత పండుగకు మిర్యాలగూడ నుంచి అయ్యగారు, అంటే మా పాదిరిగారు, వచ్చి దాన్ని కుమ్మరించి దిక్కులేనివాళ్లకు పంచేవారు. సాగరు కాలువ ఇంకా రాని కాలమది, వరి అన్నం పండుగనాటి మాట, కనుక దేవునికైనా జొన్నలే. కూలికి పోయినవాళ్లు పిల్లల నోటి ముందర నుంచి తీసి వేసిన జొన్నలవి.

ఆ కాగుకు కాపలా మా నాయనమ్మ. తెల్లవారి ప్రార్థన కాగానే గుడ్డ విప్పి, కాగులో చెయ్యి పెట్టి, అంచు నుంచి గింజల దాకా జానలతో కొలిచి మళ్లీ కట్టేది. అత్తమ్మకు దేవుని మీద నమ్మకం లేదా, మన మీద లేదా అని అమ్మ చాటుగా నవ్వేది.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మా దిక్కు గడబిడ రోజులు నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటాయి. పగలు వచ్చే తుపాకులు ఒకరివి, పొద్దుగూకాక వచ్చేవి ఇంకొకరివి, పేర్లు ఇప్పుడెందుకు గానీ ఎవరొచ్చినా భయపడాల్సింది మేమే. ఆ వానాకాలం అయ్యగారిని కలిసి వస్తానని నాయన మిర్యాలగూడకు నడిచి పోయాడు, ఆ తర్వాత బాటలు మూసేశారు, ఆయన అక్కడే చిక్కుకుపోయాడు. ఊరు ఊరంతా మూటలు నెత్తిన పెట్టుకుని కోదాడ దాటి అవతలి చుట్టాల ఇళ్లకు పోయింది. మేం పోలేకపోయాం. నాయనమ్మ తుంటి విరిగి రెండేళ్లు, నేల మీద జరగడం తప్ప నడక లేదు. చెల్లెకు మూడేళ్లు కూడా నిండలేదు, నాకు తొమ్మిది. అమ్మ ఒక్కతే ఎవరిని మోస్తుంది?

తలుపుకు లోపల గడియ పెట్టుకుని ఎన్ని దినాలున్నామో నాకిప్పటికీ లెక్క తెలియదు, తొమ్మిదేళ్ల పిల్లకు అవి ఒక ఏడాదంత పొడుగు. పొగ కనబడితే మనుషులున్నారని తెలుస్తుందని ముసురు పట్టినప్పుడే పొయ్యి ముట్టించేవాళ్లం. పాటలు పాడితే వినబడుతుందని నాయనమ్మ పెదవులు మాత్రం కదిపేది. చెల్లె ఏడిస్తే అమ్మ దాని ముఖాన్ని రొమ్ముకు అదుముకునేది, ఊపిరాడక అది గింజుకునేది, నాకు ఊపిరాడనట్టే ఉండేది. ఉన్న ఒక్క కిటికీలోంచి కనిపించేది పక్కింటి మొండిగోడ. ఆ గోడ మీద నాచు ఎక్కడెక్కడ ఎంతెంత పెరిగిందో ఇప్పుడడిగినా చెప్పగలను.

మా ఇంటి జొన్నలు అయిపోయాయి. దొడ్లో పుంటికూర, అదే గోంగూర, ఉడకబెట్టి ఉప్పేసి తిన్నాం, అది తిని చెల్లె కక్కుకుంది, రెండో నాటికి ఏడుపు కూడా మానేసి గోడకేసి చూస్తూ పడుకుంది. పిల్ల ఏడవడం లేదంటే ఎంత భయమో తల్లులకు తెలుసు. అమ్మ అడగలేక అడిగింది. నాయనమ్మ కాగు వైపు చూడనైనా చూడలేదు.

"దేవుని గింజలు ముట్టొద్దు బిడ్డా. అవి మనయి కావు. ఊరోళ్లు నోరు కట్టుకొని ఏసినయి."

ఆ మధ్యాహ్నం నాయనమ్మ వెనక గదిలో కునుకు తీస్తుండగా నేను ముందు గదిలోకి పోయి చూస్తే, అమ్మ కాగు పక్కన మోకాళ్ల మీద ఉంది. ప్రార్థన చేస్తోందనుకున్నాను. గింజలన్నీ చాప మీదికి తోడి, తన పెండ్లినాటి తెల్లచీరను వదులుగా ఉండచుట్టి కాగు అడుగున పెట్టి, పైన మునుపటి కొలత దాకా గింజలు పోసి, మిగిలినవి ఒడిలో కట్టుకుంది. లేస్తూ నన్ను చూసింది. ఆ చూపుతోనే నా నోటికి గడియ పడింది.

సంచి అడుగున ఇంకొన్ని దొరికాయి అత్తమ్మా అని చెప్పి ఆ పూట గటక కాచింది. నాయనమ్మ ఎప్పటికన్నా ఎక్కువసేపు ప్రార్థన చేసి తిన్నది. తెల్లవారి ఎప్పటిలాగే కాగులో చెయ్యి పెట్టి కొలిచి, గింజ తగ్గలేదు, దేవునికి స్తోత్రం అంది. చెల్లె మళ్లీ ఏడవడం మొదలుపెట్టింది. ఒకరి ఏడుపు విని అంత సంతోషపడడం నా జన్మలో అదొక్కసారే.

అంతా సద్దుమణిగాక నాయన వచ్చాడు, ఊరూ వచ్చింది. కొత్త జొన్నలు ఇల్లు చేరగానే కాగు నింపి చీర తీసేద్దామని అమ్మ ఆశ. కానీ కోతలింకా పూర్తికాకముందే అయ్యగారు వచ్చేశారు, కోత పండుగ వచ్చే ఆదివారమే అన్నారు. ఆ నాలుగు దినాలు అమ్మ గటక ముట్టలేదు. ఉపదేశి ఇంట్లో దేవుని సొమ్ము పోతే ఆ ఉపదేశికి కొలువుండదు, కొలువు పోతే ఇల్లూ ఉండదు. నాయనకు చెప్పే ధైర్యమూ ఆమెకు లేదు.

ఆదివారం ఇద్దరు మగవాళ్లు కాగును ఎత్తి చాప మీద వంచారు. జొన్నలు జారాయి, వాటి వెనకే తెల్లచీర జారింది. అమ్మ నా మణికట్టు పట్టుకుంది, నా చేతి గాజులు నాకే గుచ్చుకున్నాయి. అప్పుడు గోడ వారగా కూర్చున్న నాయనమ్మ చేతులు నేలకానించి ముందుకు జరిగింది.

"నేనే తీసిన అయ్యగారూ. ముసల్దాన్ని, ఆకలికి ఆగలేకపోయిన. కోడలి చీర పెట్టెలకెల్లి తీసి అడుగున పెట్టిన, దానికి తెల్వదు."

రోజూ కాగులో చెయ్యి పెట్టేది ఆమే కదా, అందరూ నమ్మారు. మా నాయన తలవంచుకుని ఏడ్చాడు. అయ్యగారు మెత్తని మనిషే గానీ కట్టుబాటు కట్టుబాటే, తాను మళ్లీ వచ్చేదాకా ఆమెకు ప్రభు సంస్కారం, అంటే గుడిలో అందరికీ పంచే రొట్టె, లేదన్నారు. అప్పటినుంచి నాయనమ్మ గుడిలో గడప పక్కన, చెప్పులు విడిచే చోట కూర్చునేది.

ఆ సాయంత్రం వెనక గదిలో అమ్మ ఆమె కాళ్లు పట్టుకుని, పోయి నిజం చెబుతానంది. నాయనమ్మ పోనివ్వలేదు.

"మూడు పొద్దులకే గింజల్ల చెయ్యి దూరిస్తే బట్ట తగిలింది బిడ్డా. చిన్నది తింటున్నదని ఊకున్న. ఇప్పుడు నువ్వు చెప్తే నీ మొగని కొలువు పోతది, నేను గుడిల అబద్ధమాడినదాన్నయిత. ఇగ ఊకో."

అయ్యగారు మళ్లీ రావడానికి ఐదు నెలలు పట్టింది. ఆయన వచ్చేసరికి నాయనమ్మ లేదు. గడప పక్కన కూర్చుని, రొట్టె అందరి చేతుల్లోకీ పోతుంటే చూస్తూ, పెదవులు కదుపుతూ, ఆమె అట్లాగే పోయింది.

మా అమ్మ ఆ తర్వాత నలభై ఏళ్లు బతికింది. సంస్కారపు ఆదివారం వచ్చిందంటే ఆమెకు తలనొప్పి వచ్చేది, మీరు పోయి రండి, నేను వంట చేస్తానని ఇంట్లో ఉండిపోయేది. పండుగకు తలనొప్పి వచ్చే మనిషిని నిన్నే చూశానని నాయన వెక్కిరించేవాడు, చెల్లె పడీ పడీ నవ్వేది. నాకు నవ్వు వచ్చేది కాదు, నోట నిజమూ వచ్చేది కాదు. అందరూ పోయారు, చెల్లె కూడా పోయినేడు పోయింది, తాను ఏం తిని బతికిందో తెలియకుండానే.

ఇప్పుడు మిర్యాలగూడలో మా గుడికి ఏసీలు పెట్టారు, కానుక ఫోన్లో పంపితే చాలు, సంస్కారానికి ఎవరినీ ఎవరూ ఆపరు. మంచిదే, ఆ కట్టుబాట్లు మళ్లీ రావాలని నేను కోరుకోను. కానీ ఒకరి పిడికెడు గింజలకు ఇంకొకరు అంతగా భయపడిన రోజులు కూడా పోయాయి. ముందు వరసలో ముసలివాళ్లకు మెత్తని కుర్చీలు వేశారు, రమ్మని పిల్లలు చెయ్యి పట్టి లాగుతారు. నేను మాత్రం గడప పక్కన, చెప్పుల స్టాండు దగ్గర కూర్చుంటాను. మోకాళ్ల నొప్పి, లేచి పోవడానికి వీలుగా ఉంటుందని చెబుతాను. మా అమ్మ తలనొప్పిని నమ్మినట్టే అందరూ నమ్ముతారు.