కొల్లేటి ఒడ్డున రంగుల పెళ్ళిచూపులు

నాగభూషణం మాస్టారు ఏ గుడ్డనీ కొల్లేటికి చూపించకుండా కొనరు. చూపించాక నచ్చకపోతే తిడతారు. కొల్లేటిని కాదు, గుడ్డని.

ఏలూరులో మాది బట్టల కొట్టు. ఆయన రిటైరైన డ్రాయింగు మాస్టారు. తాడేపల్లిగూడెంలో వీణగారు నడిపే నాట్యపాఠశాలకి దుస్తుల రంగులూ స్టేజీ అలంకరణా ఆయనే చూస్తారు. ఆయన మా మెట్లెక్కుతూంటే సేల్స్‌మన్ అబ్బాయిరాజు తానుల వెనక్కి జరుగుతాడు.

"అబ్బాయిరాజూ, ఆ వంగపండు రంగు దించు."

"ఇక్కడే చూసుకోండి మాస్టారూ. ట్యూబులైట్లు కొత్తవండి."

"ట్యూబులైటు కింద నాట్యం చేసేది ఎవరయ్యా, బల్లులా?"

ఇక మా ట్రాలీ ఆటో బయల్దేరాల్సిందే. తానులూ, వాటిని మడతపెట్టడానికి అబ్బాయిరాజూ, ఆ దుస్తులు వేసుకోబోయే పిల్లా, ఆ పిల్ల తల్లీ, అందరూ కొల్లేటి ఒడ్డునున్న గుడివాకలంక వైపు.

సాయంత్రం కొల్లేరు నీళ్ళలా ఉండదు. ఎవరో ఆకాశాన్ని ఉతికి, పిండకుండా పరిచేసినట్టు ఉంటుంది. కిక్కిస గడ్డి మధ్య వెలుగు దారి మరిచిపోయి తిరుగుతూంటుంది. ఆ ఒడ్డున మాస్టారు పిల్ల భుజం మీద గుడ్డ వేసి, "నీళ్ళలోకి చూడమ్మా" అంటారు. నాలుగడుగులు వెనక్కి వేసి, కళ్ళు చికిలించి, మొదలుపెడతారు.

"ఏమే వంగపండూ! పిల్ల ఇంత నిండుగా నిలబడితే నువ్వలా ముడుచుకుపోతావేం? మడతపెట్టెయ్ అబ్బాయిరాజూ, దీనికి మర్యాద తెలీదు."

అబ్బాయిరాజు తల వంచుకుని మడతపెడతాడు. తిట్లన్నీ తనకే తగిలినట్టుంటుంది పాపం.

ఒకసారి పసుపుపచ్చ పట్టు ఒకటి గాలికి లేచిపోయింది. గూడబాతులు గుంపుగా ఎగిరాయి, వాటి మధ్య మా పట్టు కూడా ఎగిరింది. కాసేపు ఏది రెక్కో ఏది అంచో తెలియలేదు. దోనెలో వెళ్తున్నాయన గెడతో దాన్ని అందుకుని, "ఏవండీ, ఇది మీదేనాండీ? చేపలకి చీరలు పెడుతున్నారేంటండీ?" అన్నాడు. నేను తల పట్టుకున్నాను. మాస్టారు మాత్రం మురిసిపోయారు. "చూశావా? నిలబెడితే ఏడ్చింది, ఎగిరితే నవ్వింది. గిరగిరా తిరిగే వేషానికి దీన్నే కుట్టిద్దాం."

స్టేజీ మీద దీపాలకీ ఇదే మర్యాద. లైట్లు చూసే సాయితేజ ఓసారి సూర్యోదయానికి ఎర్రలైటు కొట్టాడు.

"నాయనా, ఇది ఉదయమా, ఆవకాయా?"

"ఈ మెషీన్లో ఉన్న ఎరుపు ఇదొక్కటేనండి."

"అయితే సూర్యుణ్ణి సెలవు పెట్టమను."

ఈ ఏడు వీణగారు 'కొల్లేటి పెళ్ళి' అనే నృత్యనాటకం తలపెట్టారు. అందులో కొల్లేరే పెళ్ళికూతురు. పాఠశాలలో అందరికన్నా బాగా ఆడేది మానస. కానీ మానస నల్లని పిల్ల. అందుకని ఏ నాటకంలోనైనా ఆ అమ్మాయికి మేఘం వేషమే. మేఘం లేని కథైతే రాత్రి వేషం.

"మేడమ్, ఈసారి పెళ్ళికూతురు నేను వేస్తానండీ" అంది మానస.

వీణగారు చెడ్డమనిషి కాదు. "అడుగులో నిన్ను మించినవాళ్ళు లేరమ్మా, కాదనను. వెనకవరసకి మొహం కనిపించాలి కదా. పౌడరు నాలుగు పూతలు వేస్తే…"

"అప్పుడు ఆడేది నేనేనా మేడమ్?"

మాస్టారు అడ్డొచ్చారు. "పౌడరు వద్దు వీణగారూ. ఆదివారం ట్రయల్‌కి నా రంగులో నిలబెడతాను. అప్పటికీ కనిపించకపోతే ఆ వేషం మీ ఇంకో శిష్యురాలు లహరికి ఇచ్చేద్దురుగాని."

"సరేనండి. ఆదివారమే."

శనివారం మధ్యాహ్నం మాస్టారు మానసని తీసుకుని కొట్టుకి వచ్చారు. అబ్బాయిరాజు, మంచి మనసుతోనే, మీగడరంగు తాను పరిచాడు. "ఈ ఛాయ పిల్లలకి లేతవే చూపిస్తామండి. ముదురు రంగులైతే మరీ…" అని ఆగాడు. అద్దంలో మానస తల వాలిపోయింది. మాస్టారు బల్లుల ఊసెత్తలేదు. "బండి తియ్యి" అన్నారు. ఈసారి బండి నేనే నడిపాను.

ఒడ్డున తిట్లు మొదలయ్యాయి. చిలకపచ్చకి చదువు లేదన్నారు. గులాబీకి నోరెక్కువన్నారు. మీగడరంగు దగ్గర ఆగి, "ఇదెలా ఉందంటే, పెళ్ళికొచ్చి అన్నం తినకుండా వెళ్ళిపోయే చుట్టంలా ఉంది" అన్నారు. మానస ఫక్కున నవ్వింది. నవ్వేసరికి తల పైకి లేచింది.

పొద్దు నీళ్ళని తాకింది. "రేపే ట్రయలండీ మాస్టారూ" అన్నాను.

ఆయన వినిపించుకోకుండా గుమ్మడిపువ్వు రంగు తీసి ఆ పిల్ల భుజాన వేశారు. నీళ్ళలో ఏదో దీపం తనంతట తాను వెలిగినట్టయింది. మానస వంగి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది.

"దీన్ని తిట్టరేంటండీ?"

"ఎందుకమ్మా? నీ పక్కన నిలబడే యోగ్యత ఉంది దీనికి."

తిరిగొస్తూ అడిగాను, "ఆ నీళ్ళలో మీకేం కనిపిస్తుందండీ?"

"నాకేం కనిపిస్తుందయ్యా, చత్వారం! మీ కొట్టులో అద్దం ముందు పిల్ల తన్ను తాను చూసుకునేలోపే చుట్టూ ఉన్న నలుగురూ చూసేసి, తీర్పు చెప్పేస్తారు. ఇక్కడైతే తీర్పు గుడ్డకి."

వెనక తానుల మధ్య అబ్బాయిరాజు మీగడరంగు తానుని తీసి అన్నిటికన్నా అడుగున పెట్టాడు.

ఆదివారం ట్రయల్ చూడ్డానికి నేనూ అబ్బాయిరాజూ కూడా వెళ్ళాం. స్టేజీ మీద నల్లతెర లేదు. ఎప్పుడూ నల్లతెర ముందే నిలబెట్టి, పిల్ల కనిపించడం లేదనుకున్నాం ఇన్నాళ్ళూ. మాస్టారు తెల్లవారుజాము మంచులాంటి లేతబూడిద తెర కట్టించారు. సాయితేజ పక్కనుంచి పలచని పసుపు వెలుగు వదిలాడు. గుమ్మడిపువ్వు రంగు చుట్టుకుని మానస వచ్చింది. చెక్కలస్టేజీ మెల్లగా నీరైపోయింది. ఆ పిల్ల చెయ్యి కదిపితే వెలుగు చెంప మీంచి మోచేతి దాకా జారింది, తడిసిన నల్లరాతి మీద పొద్దు జారినట్టు.

వీణగారు వెళ్ళి వెనకవరసలో కూర్చున్నారు.

"కనిపిస్తోందాండీ?" అని కేకేశారు మాస్టారు.

"మొహమేం ఖర్మ మాస్టారూ, కనురెప్పలు కూడా! పెళ్ళికూతురు మానసే!" అని పౌడరు డబ్బా సంచిలో పడేసుకున్నారు.

అప్పుడు పక్కనుంచి లహరి వచ్చింది, మానస వదిలిన మేఘం వేషంలో. బూడిదరంగు తెర ముందు బూడిదరంగు దుస్తులు. తెల్లని పిల్ల ఆ మంచులో కలిసిపోయి, గజ్జెలు మాత్రమే వినిపిస్తున్నాయి.

"మాస్టారూ, నేను అసలు కనిపించడం లేదంటండీ" అంది ఏడుపు గొంతుతో. "నా ఒంటిరంగు మేఘానికి పనికిరాదేమోనండీ."

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని ఆ బూడిదరంగు కేసి కోపంగా చూశారు. ఆయన నోరు తెరిచేలోపే అబ్బాయిరాజు ముందుకొచ్చాడు.

"నీ రంగుకేం తల్లీ, బంగారంలా ఉంటే!" అని, ఆ దుస్తుల కొంగు పట్టుకుని నిలదీశాడు. "ఏమే బూడిదా, ఒళ్ళు ఎలా ఉంది నీకు?"