రెండు పిడుల చెంబు

ఆ రెండు పిడుల చెంబును అమూల్య ఫోన్‌లో చూసి దించిందని శ్రీరాంపూర్ కాలనీలో చెప్పుకుంటారు. పది తప్పిన పిల్లకు అంత ఆలోచన ఎక్కడిదని వాళ్ల అనుమానం.

చెంబు అడిగింది ముంబయిలోని ఒక యూదు ఇంటావిడ. వాళ్లు రొట్టె ముట్టే ముందు ఒక చేతి మీద నీళ్లు పోసుకుని, చెంబును చెయ్యి మార్చి రెండోది కడుగుతారు. కడిగిన చెయ్యి కడగని చేతికి తగలకూడదు. అమూల్య సారె మీద చేసి పంపిన రెండు మట్టి చెంబులతోనూ ఆవిడ చేతులు ఒకదానికొకటి తగిలాయి. మూడోదీ కుదరకపోతే ఆర్డరు వేరేవాళ్లకే. అప్పుడు కుమ్మరి సారె అమ్మేసి బట్టల దుకాణంలో పనికి పోవాలని తల్లి ముందే తేల్చి చెప్పింది.

మూడో చెంబు పీట మీద ఆరిపోతోంది. గంట దాటితే పిడి తీసి మళ్లీ పెట్టినా అతకదు. ఎక్కడ పెట్టాలో అమూల్యకు తోచడం లేదు.

అప్పుడే తండ్రి రాజలింగు గని నుంచి బొగ్గు చేతులతో వచ్చి నల్లా దగ్గరికి నడిచాడు.

"బాపూ, కడుక్కోకు. జర గిది పట్టు."

"పచ్చిగున్నది బిడ్డా, ఖరాబైతది."

"కానియ్యి. గీ చేతికెల్లి గా చేతికి మార్చు."

అతను భయంభయంగా మార్చాడు. ఎడమ పిడి పక్కన రెండు చేతుల మరకలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి; చేతులు తగిలేది అక్కడే.

"మీ అవ్వ చూస్తే ఇద్దరినీ తంతది," అన్నాడు.

అమూల్య ఆ పిడిని కోసి, నలుపు అంటని చోట అతికించింది.

ముంబయి నుంచి ఇంకో ఆరు చెంబులకు ఆర్డరు వచ్చింది. పిడి ఉండాల్సిన చోటు ఆమెకు బాపు చేతుల మరకల్లో దొరికింది.