లెక్కలోంచి తీసేసిన అత్తగారు

మా సంస్థ ఇళ్లు లేనివాళ్ల మీద పరిశోధన చేస్తుంది. ఇల్లు పోకముందే ఎలా ఆపాలి, పోయాక ఎలా ఆదుకోవాలి అన్నవి మా రెండు ప్రశ్నలు. ఈ కథ నాటికి పదకొండేళ్లుగా వాటినే తిరగేసి మరగేసి అడుగుతూ మూడు సంపుటాలు వేశాం. ఒక్క మనిషి చేతిలో తాళంచెవి పెట్టిన పాపాన పోలేదు. నేను అందులో అచ్చుతప్పులు దిద్దే ఉద్యోగిని. ‘నిరాశ్రయులు’ అన్న మాటను వందలసార్లు సరిచేశాను గానీ, ఆ మాట వర్తించే మనిషి పక్కన ఐదు నిమిషాలు కూర్చున్నది లేదు. కాబట్టి ఈ కథలో నేను గొప్పవాణ్ని కాను.

నా పక్క బల్ల దగ్గర కూర్చునే ఆవిడను అందరం అంకెలక్క అనేవాళ్లం. సర్వేవాళ్లు వీధుల్లో తిరిగి నింపుకొచ్చిన ఫారాలను కంప్యూటర్లోకి ఎక్కించడం ఆవిడ పని. నలభై దాటిన మనిషి. మాట తక్కువ, చెయ్యి చిచ్చరపిడుగు. ఫారంలో వయసు ఒకచోట అరవై అనీ ఇంకోచోట డెబ్బై అనీ ఉంటే ఇట్టే పట్టేసేది. భర్త పోయి ఆరేళ్లు. ఇంట్లో అత్తగారూ తనూ, ఇద్దరే. “మా అత్తకి మోకాళ్లు పనిచెయ్యవు. ఆ లోటంతా నోరు తీరుస్తుంది,” అని ఒకసారి నవ్వింది. ఆవిడ సొంత విషయం నేను విన్నది అంతే.

ఇక మా డైరెక్టరుగారు. వెన్నపూసలాంటి గొంతు. ఇళ్లు లేనివాళ్లు అని ఎన్నడూ అనడు, ‘ఆశ్రయ వంచితులు’ అంటాడు. కొత్త మాట దొరికిన రోజున కొత్త ఇల్లు కట్టించినంత సంబరపడతాడు. సంస్థ పై అంతస్తులో నాలుగు అతిథి గదులున్నాయి. ఏడాదిలో పది రోజులు తప్ప ఎప్పుడూ ఖాళీయే. పరుపులు ముక్కిపోకుండా నెలకోసారి మేడ మీద ఎండబెట్టిస్తాడు. వాటి మీద ఆయనకున్న శ్రద్ధ అలాంటిది.

ఆ ఏడాది అంకెలక్క అద్దెకుంటున్న ఇంటిని యజమాని అమ్మేశాడు. కొన్నవాడు దాన్ని కూలగొట్టి గిడ్డంగి కట్టుకుంటానన్నాడు. రెండు నెలలు గడువిచ్చారు. ఆవిడ తిరగని సందు లేదు. మగదిక్కు లేదని ఒకరు, పెద్దావిడ మెట్లెక్కలేదని ఒకరు, రేపు ఆవిడకేదైనా అయితే మాకెందుకని ఇంకొకరు తలుపులు వేసుకున్నారు. గడువు మూడు వారాలుందనగా డైరెక్టరుగారు మా గదిలోకి వచ్చినప్పుడు లేచి నిలబడింది.

“సార్, ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. ఎక్కడా దొరకట్లేదు. తెలిసినవాళ్లెవరైనా ఉంటే చెప్తారా?”

“అలాగే అలాగే. ఊళ్లో ఇళ్ల కొరత ఘోరంగా ఉందమ్మా. మన రెండో సంపుటిలో దాని మీద అధ్యాయమే ఉంది, చూశారా?”

“నేనే టైపు చేశాను సార్.”

“మంచిది,” అని ఆయన వెళ్లిపోయాడు. నేను తలెత్తలేదు. నా ముందున్న పేజీలో ఒక సున్నా ఎక్కువ పడింది, దాని సంగతి చూస్తున్నాను.

గడువు తీరింది. దూరపు చుట్టం ఒకాయన తన వరండాలో పడుకోనిస్తానన్నాడు, పగలు మాత్రం ఉండకూడదన్నాడు. అంకెలక్క పొద్దున్నే అత్తగారి చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ పెద్దాసుపత్రికి తీసుకెళ్లేది. రోగులు వేచి ఉండే హాల్లో బెంచీ మీద కూర్చోబెట్టేది. ఆసుపత్రిలో ఒక ముసలావిడ కూర్చుంటే ఎందుకు కూర్చున్నావని ఎవరూ అడగరు. సాయంత్రం ఆఫీసు వదిలాక వచ్చి తీసుకెళ్లేది. ఇలా ఏడు వారాలు. ఇదంతా నాకు తరవాత తెలిసింది; అప్పట్లో నేను గమనించిందల్లా ఆవిడ ఆఫీసు కుళాయి దగ్గర మొహం కడుక్కుంటోందని. ఎండలు ముదిరాయి కదా అనుకున్నాను. పరిశోధన సంస్థలో నా చూపు అంత వాడి.

ఆసుపత్రిలో మాత్రం ఒక మనిషి గమనించింది. అక్కడ నేల తుడిచే ఆయా. మూడో రోజే గుడ్డ పక్కన పడేసి అడిగింది.

“ఏ డాక్టరు కోసం పెద్దమ్మా?”

“ఏ డాక్టరూ వద్దే. కూర్చోడానికి వచ్చా.”

“మరి ఇల్లో?”

“ఉంటే ఈ ఫినాయిలు వాసన పీలుస్తూ ఎందుకు కూర్చుంటా?”

ఆయా అప్పట్నుంచి ఫ్యాను కింద చోటు ఆవిడకే ఉంచేది, మరుగుదొడ్డికి తనే పట్టుకుని తీసుకెళ్లేది. ఎవరూ చెప్పకుండానే తెలిసినవాళ్లందరి దగ్గరా గది కోసం వాకబు మొదలుపెట్టింది.

ఆరో వారంలో మా సర్వే అమ్మాయి ఆ హాలుకే వచ్చి ముసలావిడను కదిపింది. ఆవిడ ఏమీ దాచలేదు. రెండు రోజులకు ఆ ఫారం అంకెలక్క బల్ల మీదికి చేరింది. వరస సంఖ్య పన్నెండు వందల పదమూడు. కుటుంబ సభ్యులు: కోడలు. కోడలి పని: ‘ఇళ్లు లేనివాళ్లను లెక్కపెట్టే ఆఫీసులో.’ మీకేం కావాలి అన్న గడిలో: ‘లోపల్నుంచి గడియ పెట్టుకునే తలుపు.’

అంకెలక్క ఒక్క అక్షరం మార్చకుండా దాన్ని ఎక్కించి తరవాతి ఫారం తీసుకుంది.

డైరెక్టరుగారికి ఆ ఫారం తెగ నచ్చేసింది. “ఎంత గొప్ప వైరుధ్యం,” అంటూ గదిగదికీ తిరిగి చదివి వినిపించాడు. ఊళ్లో అలాంటి ఆఫీసు మాదొక్కటే. ఆ సంగతి అంత చదువున్న తలకు తట్టలేదు. చివరికి మా బల్లల దగ్గరికీ వచ్చాడు.

“ఈవిడని మన సదస్సులో వేదికెక్కించాలి. ఎలా వెతుకుదాం?”

“వెతకక్కర్లేదు సార్. మా అత్తగారే,” అంది అంకెలక్క.

ఆయన చేతిలోని ఫారాన్ని మడిచాడు. “అయ్యో, ముందే చెప్పకపోయారా?”

“చెప్పాను సార్.”

“ఇంతదాకా వచ్చిందని చెప్పలేదు కదా.”

“పైన గదులు ఖాళీగానే ఉన్నాయి. ఒక్క వారం ఇవ్వండి చాలు, మెట్లు ఎలాగోలా నేనే ఎక్కిస్తాను. ఒకచోట గది మాటల్లో ఉంది.”

“అవి పరిశోధకులకమ్మా. నియమాలు నా చేతిలో లేవు.”

ఆ నియమావళి రాసింది ఆయనే. అచ్చుతప్పులు దిద్దింది నేను.

వెళ్లబోతూ ఆగాడు. “ఇంకో చిక్కుంది. ఉద్యోగుల బంధువులు సర్వేలో ఉండకూడదు. ఆ ఫారం తీసెయ్యండి.”

తీసేయించాడు. ఆనాటికి పన్నెండు వందల నలభై ఉన్న లెక్క కాస్తా పన్నెండు వందల ముప్పై తొమ్మిదయింది. పదకొండేళ్లలో మా సంస్థ నిరాశ్రయుల సంఖ్య తగ్గించింది ఆ ఒక్కసారే.

ఆ సాయంత్రం సిగ్గు తన్నుకొచ్చి ఆవిడ వెంట ఆసుపత్రికి వెళ్లాను.

“నిన్ను లెక్కలోంచి తీసేశారత్తయ్యా.”

“పీడా పోయింది. ఉన్నవాళ్లకేం ఒరిగిందట?” అని ముసలావిడ నావైపు చూసింది. “ఈయనెవరు?”

“మా ఆఫీసే. తప్పులు దిద్దుతారు.”

“ఎవరివి?”

నేను వంగి ఆవిడ చెప్పులు సరిచేసి కాళ్ల దగ్గర పెట్టాను.

మరో నాలుగు రోజులకు ఆయా తన మరిది సైకిలు షాపు వెనక గది ఖాయం చేసింది. నేలమట్టం గది, మెట్ల బెడద లేదు. అంకెలక్క సర్వే అయ్యేదాకా మా దగ్గరే పనిచేసింది. ఫారాల్లో ఎవరూ పట్టించుకోని ప్రశ్న ఒకటుంది: ఇల్లు పోకముందు ఎవరితోనైనా చెప్పుకున్నారా? ఎనిమిది వందల డెబ్బై మంది చెప్పుకున్నామన్నారు. డాక్టరుకి, పిల్లల టీచరుకి, పనిచ్చిన యజమానికి. విన్నవాళ్లంతా అయ్యో అన్నారు. ఆ అంకెను డైరెక్టరుగారు సర్వే నివేదికలో నూట ఎనభై ఏడో పేజీ అడుగున చీమతలకాయంత అక్షరాల్లో వేయించాడు.

అంకెలక్క ఉద్యోగం మానేసి ఆసుపత్రి చీటీల కౌంటర్లో చేరింది. పేరూ వయసూ అడిగాక తనే ఇంకో ప్రశ్న చేర్చింది: “వచ్చే నెల ఇదే ఇంట్లో ఉంటారా?” తడబడినవాళ్లను ఆయా దగ్గరికి పంపేది. ఊళ్లో ఏ గది ఎప్పుడు ఖాళీ అవుతుందో, ఏ యజమాని మెత్తని మనిషో ఆయాకు కంఠస్థం. మొదటి ఏడాదిలో నలభై ఒక్క కుటుంబాలు వీధిన పడకుండా ఆగాయి. తొమ్మిది కుటుంబాలకు కుదరలేదు. ఆవిడ ఎక్కువగా వాళ్ల గురించే మాట్లాడుతుంది.

రెండేళ్లకు అత్తగారు ఆ గదిలోనే, తన మంచం మీదే, నిద్రలో పోయింది. ఆ సంవత్సరమే డైరెక్టరుగారు కౌంటరు దగ్గర జరిగే ఈ పనికి ‘ముందస్తు సంభాషణాత్మక జోక్యం’ అని పేరుపెట్టి నాలుగో సంపుటి తెచ్చాడు. అందులో అంకెలక్క ప్రస్తావన అర పంక్తి. ఆయా ఊసే లేదు. సంతకం చేసిన ప్రతి ఒకటి కౌంటరుకు పంపించాడు.

మొన్న వెళ్లినప్పుడు పుస్తకం అందిందా అని అడిగాను. “అందిందండీ,” అంటూ తరవాతి చీటీ తీసుకుంది. వరసలో ముందున్న దర్జీ ఒకాయన వచ్చే నెల సంగతి చెప్పలేక కళ్లు దించుకున్నాడు. ఆవిడ కుర్చీలోంచి లేచి ఆయాను పిలవడానికి వెళ్లింది.